మూడు బంతుల టోపీ

ఆ మంగళవారం బారిస్టర్ ఆంబ్రోజ్ కెల్వే ముగించుకోవలసిన పనులు చాలానే ఉన్నాయి. విగ్గులో చేరిన దుమ్ము దులిపించాలి. బ్యాటు పిడికి చుట్టిన దారం వదులైంది, మైనం పట్టించి మళ్ళీ బిగించి చుట్టాలి. దర్జీ దగ్గర్నుంచి తెల్ల ఫ్లానెల్ లాగు తెచ్చుకోవాలి. తోళ్ళు పదునుచేసే షెడ్డులో పనిచేసే నాన్నకు ఉత్తరం రాయాలి: గురువారం మ్యాచికి వస్తే సంతోషమేననీ, కాకపోతే దొరల గుడారం పక్కన కాకుండా ఏటివైపు హద్దు తాడు దగ్గర కూర్చుంటే ఆట ఇంకా బాగా కనిపిస్తుందనీ. సాయంత్రం లార్డ్ రెన్‌ఫోర్త్ జట్టు పేర్లు చదివేటప్పుడు ఆయన కంట్లో పడేలా నిలబడాలి, మరీ ఎదురుగా కాకుండా. ఆఖరిది, అన్నిటికన్నా తేలికైనది: కోర్టులో ఈనక్ పాడ్‌మోర్ పేరు పిలవగానే లేచి కాఫీకి వెళ్ళిపోవాలి.

ఈ ఆఖరి పని అతనొక్కడే చేసేది కాదు. ఆల్డర్‌విక్ కోర్టులో నల్ల గౌను వేసుకున్న ప్రతివాడూ చేసేదే. ప్లీడరును పెట్టుకునే తాహతు లేని ముద్దాయి, చిన్న రుసుము ఒక్కటి ఎలాగో పోగుచేసుకోగలిగితే, బోనులో నిలబడి ఎదురుగా కూర్చున్న బారిస్టర్లలో ఎవరినైనా వేలు పెట్టి చూపించవచ్చు. చూపించాక ఆ బారిస్టరు కాదనడానికి లేదు, ఎంతటివాడైనా వాదించి తీరాలి. అది పాత నియమం. ఆ నియమంతో పాటే పుట్టిన అలవాటు ఒకటుంది. గుమాస్తా ముద్దాయిని ఆ ప్రశ్న అడగబోతున్నాడని పసిగట్టగానే బెంచీలన్నీ ఖాళీ అయిపోతాయి. వేలు చూపిద్దామంటే ఎదురుగా మనిషి ఉండడు. నియమానికి మచ్చ రాదు, కాఫీ కూడా దక్కుతుంది.

గౌన్లు తొడుక్కునే గదిలో క్రిస్పిన్ మాలెట్ అద్దం ముందు నిలబడి మెడపట్టీ సర్దుకుంటున్నాడు. పాడ్‌మోర్ మీద ఫిర్యాదు లార్డ్ రెన్‌ఫోర్త్‌ది. దాన్ని వాదించేది మాలెట్. మాలెట్, కెల్వే ఒకే ఏడాది గౌను వేసుకున్నారు, ఒకే జట్టులో ఆడతారు.

"ఏమోయ్ కెప్టెన్!" అన్నాడు మాలెట్ అద్దంలోంచే.

"ఇంకా కాలేదు."

"సాయంత్రానికి అవుతావుగా. దొరగారు నాతో అన్నారు. 'ఆ తోళ్ళవాడి కొడుకు బాగా ఆడతాడయ్యా, ఒద్దిక కూడా తెలిసినవాడు' అని. అలా మొహం పెట్టకు, అది మెచ్చుకోలే."

"నా మొహం మామూలుగానే ఉంది."

"సరేలే. నేను చెప్పేది విను. పాడ్‌మోర్ పేరు వినబడ్డాక నువ్వు బెంచీ మీద క్షణం ఉండకు. వాడు వేలెత్తితే నీమీదికే ఎత్తుతాడు."

"నామీదికెందుకు?"

మాలెట్ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఎందుకో తెలీనట్టు! మూడో వికెట్టు నువ్వే కదటోయ్."

అది జూన్ నెలలో జరిగిన సంగతి. లార్డ్ రెన్‌ఫోర్త్ పచ్చిక మీద దొరగారి జట్టుకీ ఊరి జట్టుకీ ఆట. దొరగారి జట్టులో అందరూ డబ్బు ముట్టని పెద్దమనుషులు. ఊరి జట్టులో బంతి వేసేది పాడ్‌మోర్. వేసవిలో కూలికి ఆడతాడు, చలికాలంలో బుట్టలల్లుతాడు. కూలికి ఆడే బౌలరు వరసగా మూడు బంతులకు ముగ్గురిని ఔట్ చేస్తే పెద్దమనుషులంతా చందా వేసుకుని అతనికొక కొత్త టోపీ ఇవ్వడం ఆటలో ఆనవాయితీ. మధ్యాహ్నం చల్లటి మాంసం, షాంపేను అయ్యాక లార్డ్ రెన్‌ఫోర్త్‌కు హుషారెక్కింది. "నావాళ్ళను ఎవడైనా మూడు బంతుల్లో ముగ్గుర్ని పడగొడితే అంగడి టోపీ కాదు, ఇదిగో, ఈ నా నెత్తి మీదిదే ఇస్తాను!" అని గుడారమంతా వినేలా అన్నాడు. తెల్ల పట్టు టోపీ. పొడుగ్గా, లండన్‌లో కుట్టించింది.

ఆ తర్వాత పాడ్‌మోర్ చర్చి పాదిరీగారి నడిమి వికెట్టు పడగొట్టాడు. రెండో బంతికి దొరగారి మేనల్లుడు బంతిని ఆకాశంలోకి కొట్టి దొరికిపోయాడు. మూడో బంతికి కెల్వే వచ్చాడు. బంతి పడింది, చిన్నగా తిరిగింది, బ్యాటు అంచును ముట్టుకుని వెనకవాడి చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆ ముట్టుకోవడం ఎవరికీ వినబడేది కాదు. కెల్వే మణికట్టుకు మాత్రం తెలిసింది. ముసలి అంపైరు వేలెత్తాడు. కెల్వే మారు మాట్లాడకుండా వచ్చేశాడు.

గుడారం దగ్గర దొరగారు ఎదురొచ్చి, "తగల్లేదుగా, కెల్వే? ఆ ముసలాడికి కళ్ళెక్కడివి!" అన్నాడు.

కెల్వే నవ్వాడు. అంతే. తగిలిందనలేదు, తగల్లేదనలేదు. ఆ నవ్వు చాలింది దొరగారికి. "చూశారా, ఆడినవాడే అంటున్నాడు! మూడు కాదు, రెండే. టోపీ లేదు గీపీ లేదు" అని తేల్చేశాడు.

సాయంత్రం గుడారం గుంజకు తగిలించి ఉన్న తెల్ల టోపీని పాడ్‌మోర్ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. పెద్ద బజారులోంచి నడిచి ఇంటికెళ్ళాడు. ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషికీ టోపీ ఎత్తి వంగాడు. ఆదివారం ప్రార్థనకు కూడా అదే పెట్టుకుని వెళ్ళాడు. పోలీసు ఆఖరి పాట అయ్యేదాకా బయట ఓపిగ్గా నిలబడి, గుమ్మంలో పట్టుకున్నాడు.

పాడ్‌మోర్ కుర్రతనంలో దొరగారి అడవిలో కుందేలును పట్టి ఒకసారి జైలుకు వెళ్ళాడు. రెండోసారి దొంగతనమని తేలితే కఠినశిక్ష తప్పదు. ఆ జిల్లా జైల్లో కఠినశిక్ష అంటే తారు పట్టి రాయిలా బిగిసిన పాత ఓడతాళ్ళను వేళ్ళతో పీచు పీచుగా విప్పడం. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళు కెల్వేకు తెలుసు. గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి వాళ్ళకు. బంతిని తిప్పేవాడికి వేళ్ళే ఆస్తి.

ఇవన్నీ తెలిసే, కెల్వే ఆ పొద్దున్న కాఫీకి వెళ్ళే పనిని చివర రాసుకున్నాడు.

కోర్టు గదిలో ఎప్పటిలాగే మైనపు వాసన, తడి ఉన్ని వాసన. మధ్యలో ఛైర్మన్ సర్ గైల్స్ కూర్చున్నాడు, అటూ ఇటూ ఆ చుట్టుపక్కల భూస్వాములు. వాళ్ళలో లార్డ్ రెన్‌ఫోర్త్ కూడా ఉన్నాడు. మామూలుగా ఆయన తీర్పులు చెప్పేవాళ్ళలో ఒకడు. ఈ పూట ఫిర్యాదుదారు. అయినా కుర్చీ మారలేదు. బల్ల మీద సాక్ష్యంగా తెల్ల టోపీ పెట్టారు. వానకు కాస్త సొట్ట పడింది.

"ఈనక్ పాడ్‌మోర్!"

బోనులోకి ఎర్రటి మొహం, బుర్ర మీసాల మనిషి వచ్చి కమ్మీ మీద చేతులు పెట్టాడు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు చాలు. బెంచీల మీద గౌన్లు రెపరెపలాడాయి. కాగితాలు మడతపడ్డాయి. ఎటో చూస్తున్నట్టు నటిస్తూ బారిస్టర్లంతా తలుపు వైపు నడిచారు. కెల్వే కూడా లేచాడు.

తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పాడ్‌మోర్ భార్య టామ్సిన్. తలుపు రెక్క బార్లా తెరిచి పట్టుకుని, వెళ్ళే ఒక్కొక్కరికీ దారి ఇస్తోంది.

"దయచెయ్యండి బాబూ. దయచెయ్యండి. మెట్టుంది, చూసుకోండి. చల్లారితే ఏం బావుంటుంది కాఫీ?"

కొందరు తల వంచుకున్నారు, ఒకరిద్దరు నవ్వేశారు. కెల్వే వరసలో ఆఖరివాడు.

"మీరూనా ఆంబ్రోజు బాబూ?" అంది టామ్సిన్. గొంతు పెంచలేదు. "వెళ్ళండి, వెళ్ళండి. ఈనక్ మీకు బ్యాటు పట్టడం నేర్పిన రోజుల్లో మీకు తలుపు తీసే పనే ఉండేది కాదు నాకు. వెనక గుమ్మంలోంచి దూరి రొట్టె ఎక్కడుందో మీరే వెతుక్కునేవారు."

కెల్వే వెనక్కి చూశాడు. పాడ్‌మోర్ అతని వైపు చూడటం లేదు. పైకప్పు దూలాలను పరీక్షగా చూస్తున్నాడు. కమ్మీ మీద వేళ్ళు మాత్రం బంతిని పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. తోళ్ళ షెడ్డు వెనక పచ్చికలో, పదేళ్ళ కెల్వే బ్యాటు మీద ఆ వేళ్ళే అతని వేళ్ళను ఒక్కొక్కటే సర్దాయి. తన వంశంలో చదువుకున్నవాడు కెల్వే ఒక్కడే. ఆ చదువు నాన్న తోళ్ళ పని చేసి ఇచ్చినది. మరి ఆట మాటేమిటి? ఆ ఆట వల్లే దొరల బల్ల దగ్గర కుర్చీ దొరికింది. ఆ ఆట ఈ మనిషి ఇచ్చినది.

"తలుపు వేసెయ్యండి టామ్సినమ్మా. గాలి కొడుతోంది" అన్నాడు కెల్వే. వెనక్కొచ్చి తన చోట కూర్చున్నాడు.

మాలెట్ కళ్ళు పెద్దవి చేశాడు. పైన లార్డ్ రెన్‌ఫోర్త్ కుర్చీలో ముందుకు జరిగాడు.

గుమాస్తా అడిగాడు: "నీ తరఫున ఎవరు వాదించాలి?"

ఫిర్యాదు వాదించే మాలెట్ కాక బెంచీల మీద ఇద్దరే మిగిలారు. కెల్వే, మూలన పొద్దుటి నుంచీ కునికిపాట్లు పడుతున్న ఒక చెవిటి బారిస్టరు. పాడ్‌మోర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆలోచించాలండీ" అన్నాడు. "ఆ నిద్రపోయే ఆయన నాకెప్పుడూ అన్యాయం చెయ్యలేదు."

గదంతా గొల్లున నవ్వింది. కెల్వే చెవులు ఎర్రబడ్డాయి.

"త్వరగా తేల్చు" అన్నాడు సర్ గైల్స్.

"తేల్చానండీ. ఈయనే." వేలు కెల్వే మీదికి వచ్చింది. "ఈయనకు సంగతి తెలుసు."

మాట్లాడుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చారు. బోను కింద మెట్ల గదిలో ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. కూర్చున్నారో లేదో మాలెట్ తల లోపలికి పెట్టాడు.

"దొరగారు మంచి మనసుతో ఉన్నారు. తప్పు ఒప్పుకుని, క్షమించమని నాలుగు మాటలు అంటే చాలట. శిక్ష తేలిక చెయ్యమని ఆయనే అడుగుతారట. కెల్వే, నీక్కూడా అదే మంచిది. అర్థమైందిగా?"

"నాకు అర్థమైంది. అతనికి చెప్తాను."

మాలెట్ వెళ్ళాక పాడ్‌మోర్ అడిగాడు: "మీరేమంటారు?"

"ఒప్పుకుంటే బహుశా కొద్ది నెలలతో పోతుంది. పోరాడి ఓడితే ఎక్కువ. వేళ్ళ సంగతి ఆలోచించు, ఈనక్."

"నేనడిగేది అది కాదు. బంతి తగిలిందా, లేదా?"

కెల్వే అన్నాడు: "తగిలింది."

"అంతే. అది నా టోపీ. నా టోపీకి నేనెందుకు క్షమాపణ చెప్పాలి?" పాడ్‌మోర్ మోకాలి మీద చరిచాడు. "వెళ్ళి ఆ మాట వాళ్ళకు చెప్పండి, అయిపోతుంది."

"చెప్పలేను. నీ తరఫున వాదించేవాణ్ణి, సాక్ష్యం ఇవ్వకూడదు. సాక్ష్యం ఇస్తానంటే గౌను తీసి పక్కన పెట్టాలి, నీకు వాదించేవాడు ఉండడు."

"పోనీ, నేను చెప్తా."

"ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి చట్టం ఒప్పుకోదు."

పాడ్‌మోర్ కాసేపు మీసం తడుముకున్నాడు. "బాగుంది. ఆట ఆడిన ఇద్దరికీ నోరు లేదు. గుడారంలో కూర్చుని తాగినాయనకు ఉంది. ఇంత చదువు చదివి మీరు నేర్చుకున్నది ఇదా?"

"ఇదే" అన్నాడు కెల్వే. "అందుకని ఆయన చేతే చెప్పిద్దాం."

పైకి వచ్చాక కెల్వే మొదటి మాట టోపీ గురించి కాదు. "అయ్యా, ఈ కేసులో సాక్షి ఒకరు న్యాయమూర్తుల పక్కన కూర్చున్నారు. సాక్షి కిందికి దిగి, సాక్షి నిలబడే చోట నిలబడాలని కోరుతున్నాను."

సర్ గైల్స్ మొహం గంటు పెట్టుకున్నాడు. "లార్డ్ రెన్‌ఫోర్త్ ఎక్కడ కూర్చున్నా సత్యమే చెప్తారు, మిస్టర్ కెల్వే."

"సందేహం లేదండీ. నిలబడి కూడా చెప్పగలరు."

జ్యూరీ బెంచీల్లో ఎవరో దగ్గారు. ఆ పన్నెండు మందిలో చాలామంది దొరగారి భూమి కౌలుకు చేస్తున్నవాళ్ళే. లార్డ్ రెన్‌ఫోర్త్ లేచి, హుందాగా కుర్చీని వెనక్కి తోసి, మెట్లు దిగి సాక్షి పెట్టెలో నిలబడ్డాడు. దిగేటప్పుడు కెల్వేను చూసిన చూపులో మాట ఒకటి ఉంది. అది అందరికీ వినబడింది.

మాలెట్ ప్రశ్నలు చప్పున ముగిశాయి. తన టోపీ, తను ఇవ్వలేదు, వాడు తీశాడు. కెల్వే లేచాడు.

"దొరగారూ, ఆ రోజు భోజనాల దగ్గర టోపీ గురించి మీరొక మాట అన్నారు."

"సరదాకు అని ఉంటాను."

"మీ మాట ఏది సరదాకో ఏది నిజానికో వినేవాడికి ఎలా తెలుస్తుంది? గుర్తు ఏదైనా పెడతారా?"

నవ్వులు. సర్ గైల్స్ బల్ల మీద వేళ్ళతో తట్టాడు.

"మొదటి వికెట్టు న్యాయంగానే పడిందా?"

"పడింది."

"రెండోది?"

"మా మేనల్లుడు. వాడెప్పుడూ అంతే."

"మూడోది?"

"అది ఔట్ కాదు."

"అప్పుడు బ్యాటు పట్టుకున్నది ఎవరు?"

దొరగారు వేలు చూపించాడు. "నువ్వే."

గదంతా మళ్ళీ గొల్లున నవ్వింది. సర్ గైల్స్ విసుక్కున్నాడు. "మిస్టర్ కెల్వే, మీరు ఎటు పోతున్నారు?"

"పచ్చిక మీదికేనండీ. దొరగారూ, అంపైరు ఏం చేశాడు?"

"వేలెత్తాడు. కళ్ళు కనబడవు ముసలాడికి."

"ఆయన్ని అంపైరుగా పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఆటలో ఔటో కాదో తేల్చేది అంపైరా, పచ్చిక సొంతదారా?"

దొరగారు పళ్ళు బిగించాడు. "అంపైరు."

"మరి ఔట్ కాదని మీరెలా అంటున్నారు?"

"ఆడినవాడే చెప్పాడు కనక!"

"ఏమని చెప్పాడు? మాట మాట చెప్పండి."

"చెప్పలేదు. నవ్వాడు."

"నవ్వాడు. ఎలాంటి నవ్వో జ్యూరీవారికి కాస్త నవ్వి చూపిస్తారా?"

"ఇదేమన్నా నాటకమా!"

"ఆ నవ్వుకు అర్థం ఏమిటో..."

"ఆగండి" అన్నాడు సర్ గైల్స్. "మీరు సాక్షి కారు. ఆ నవ్వుకు మీ అర్థం ఈ గదిలో చెప్పడానికి వీల్లేదు."

"నేను చెప్పనండీ. దొరగారినే అడుగుతాను." కెల్వే గౌను భుజం మీదికి లాక్కున్నాడు. దాని అంచులు గట్టిగా పట్టుకున్నాడు. "గురువారం ఆడే జట్టుకు పేర్లు రాసేది ఎవరు దొరగారూ?"

"నేను."

"కెప్టెన్ ఎవరో తేల్చేది?"

"నేనే. ఇవాళ సాయంత్రం." దొరగారి గొంతు మెత్తబడింది. "ఆ సంగతి నువ్వు మరిచిపోయినట్టున్నావు, కెల్వే."

మాలెట్ తల దించుకుని పెన్ను చూసుకుంటున్నాడు. ఎంతో కాలంగా కెల్వే కోరుకున్నది ఆ పెట్టెలో నిలబడి ఉంది. ఇంకో ప్రశ్న వెయ్యకుండా కూర్చుంటే ఇప్పటికీ దక్కుతుంది.

"మరిచిపోలేదండీ" అన్నాడు. "ఆ రోజు గుడారం దగ్గర కూడా మరిచిపోలేదు. నా ప్రశ్న అదే. కెప్టెన్ పదవి చేతిలో పెట్టుకున్న దొరగారు 'తగల్లేదుగా' అని అడిగితే, తోళ్ళవాడి కొడుకు ఎందుకు నవ్వుతాడు?"

"ఎందుకేమిటి!" లార్డ్ రెన్‌ఫోర్త్ కమ్మీ మీద గుద్దాడు. "నా దయ కోసం! బంతి తగిలినా నవ్వేవాడివే, తగలకపోయినా నవ్వేవాడివే! నీ కోవకు చెందినవాళ్ళందరూ అంతే!"

చెంప మీద కొట్టినట్టు తగిలింది కెల్వేకు. ఆ మాట నిజం కాబట్టి మరీ తగిలింది. అయినా తల దించలేదు.

"తగిలినా నవ్వేవాణ్ణే" అని నెమ్మదిగా జ్యూరీ వైపు తిరిగి చదివినట్టు అన్నాడు. "దొరగారి మాట. ఇంకేమీ అడగనండీ."

ఆపైన అతను ఎక్కువ మాట్లాడలేదు. "తనదేనని మనసారా నమ్మి తీసుకున్నవాడు చట్టం దృష్టిలో దొంగ కాడు. ఇతన్ని నమ్మించింది ఎవరు? మాటిచ్చిన దొరగారు, వేలెత్తిన అంపైరు, లేచి వచ్చేసిన ఆటగాడు. నమ్మకూడదనడానికి దొరగారి దగ్గర ఒక నవ్వు తప్ప ఏమీ లేదు. ఆ నవ్వు దేనికో ఆయనే చెప్పారు. దొంగ సొమ్మును దాచుకుంటాడు. ఈ మనిషి దాన్ని పెట్టుకుని బజారంతా తిరిగాడు, దేవుడి ఎదటికి వెళ్ళాడు. చివరిగా ఒక మాట. ఈ మనిషిని మీరు జైలుకు పంపితే వేళ్ళు పోతాయి. ఒక టోపీకి అంత ఖరీదు ఎవరూ పెట్టకండి."

జ్యూరీ లోపలికి కూడా వెళ్ళలేదు. కూర్చున్నచోటే తలలు దగ్గర పెట్టారు. గుసగుసలు పైకే వినబడ్డాయి.

"దొరగారికి కోపం వస్తుందేమోనయ్యా."

"రానీ. పన్నెండు మందికి పంచితే తలా కాస్తే వస్తుంది" అన్నాడు వాళ్ళ పెద్ద, బండిచక్రాలు చేసే ముసలాయన. లేచి నిలబడ్డాడు. "నేరం లేదండీ."

టామ్సిన్ తలుపుకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది.

"అయ్యా, మరి నా టోపీ?" అన్నాడు పాడ్‌మోర్ బోనులోంచి.

సర్ గైల్స్ ఇబ్బందిగా దొరగారి వైపు చూశాడు. లార్డ్ రెన్‌ఫోర్త్ చేతితొడుగులు వేసుకుంటున్నాడు. "ఆ నెత్తి మీద పెట్టింది నేను మళ్ళీ పెట్టుకుంటాననుకున్నారా? తగలబెట్టండి" అన్నాడు.

"అక్కర్లేదన్నారండీ, అందరూ విన్నారు. ఈసారి సరదాకు కాదు" అన్నాడు పాడ్‌మోర్. బల్ల దగ్గరికి నడిచి, సొట్టను లోపలినుంచి బొటనవేలితో నొక్కి సరిచేసి, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"కోర్టులో టోపీ తియ్యి!" అని జవాను అరిచాడు.

"తీస్తానయ్యా, తీస్తాను. తియ్యడానికేగా పెట్టుకుంది." టోపీ తీసి కెల్వేకు ఒక్కసారి వంగి, గుమ్మం దాటాక మళ్ళీ పెట్టుకున్నాడు.

సాయంత్రం క్లబ్బు ముందు లార్డ్ రెన్‌ఫోర్త్ పేర్లు చదివాడు. కెల్వే వెళ్ళాడు, ఈసారి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. అతని పేరు రాలేదు. కెప్టెన్ మాలెట్. చదవడం అయ్యాక మాలెట్ దగ్గరికొచ్చాడు.

"కాఫీకి వచ్చెయ్యవలసిందోయ్."

"చల్లారిపోయుండేది" అన్నాడు కెల్వే.

గదికి వెళ్ళి పొద్దున్న రాసిన ఉత్తరం చింపేసి ఇంకోటి రాశాడు. 'నాన్నా, గురువారం దొరల ఆటలో నేను లేను. షెడ్డు వెనక పచ్చికలో మనవాళ్ళతో ఆడుతున్నాను. ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తాను. పని గుడ్డలతోనే రా.'

గురువారం ఆ పచ్చిక మీద తోళ్ళ వాసన ఎప్పటిలాగే ఉంది. ముసలి కెల్వే తోలు ఏప్రానుతో ముందు వరసలో కూర్చుని, కొడుకు కొట్టిన ప్రతి బంతికీ పక్కవాడి తొడ మీద చరిచాడు. పాడ్‌మోర్ తెల్ల టోపీ అంపైరు చేతికిచ్చి బంతి అందుకున్నాడు. మూడో ఓవరులో బంతి పడి, చిన్నగా తిరిగి, బ్యాటు అంచును ముట్టుకుంది. వెనకవాడు పట్టుకున్నాడు. షెడ్డులో తొట్లలో సున్నం కలిపే మనిషి అంపైరు. "నాకేం వినబళ్ళేదు. ఔట్ కాదు" అన్నాడు.

కెల్వే బ్యాటు చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. "తగిలింది" అన్నాడు గట్టిగా, ఇక్కడా ఏటివైపు కట్టిన తాడు దగ్గర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా.

"నోరొచ్చిందే బాబుగారికి!" అన్నాడు పాడ్‌మోర్.

ఆ తర్వాత దొరల జట్టులో కెల్వే ఎప్పుడూ ఆడలేదు. పెద్ద బారిస్టర్లు తొడుక్కునే పట్టు గౌను అతని ఒంటిమీదికి రాలేదు, పెద్ద కేసులూ రాలేదు. ఆల్డర్‌విక్ కోర్టులో గుమాస్తా గొంతు సవరించుకున్నప్పుడల్లా గౌన్లన్నీ తలుపు వైపు నడిచేవి, ఒక్క గౌను మాత్రం కూర్చునే ఉండేది. బోనులోంచి వేళ్ళు అటే తిరిగేవి. కొందరిని గెలిపించాడు, చాలామందిని గెలిపించలేకపోయాడు. కాఫీ మాత్రం మానేశాడు.

ఆ రోజుల్లో అచ్చేసిన ఆట పట్టికల్లో పెద్దమనుషుల పేర్లు నిండుగా ఉండేవి, ముందు మిస్టర్, తర్వాత పొడి అక్షరం, ఆపైన ఇంటిపేరు. కూలికి ఆడేవాళ్ళకు వట్టి ఇంటిపేరే. ఆ జూన్ నెల ఆట పట్టికలో 'మిస్టర్ ఎ. కెల్వే, బౌలర్ పాడ్‌మోర్' అని ఉంటుంది. తన టోపీకి తను క్షమాపణ చెప్పనన్న ఆ మనిషికి ఒక పేరుంది. ఈనక్. ఇది చదివినవాళ్ళు కెల్వేను మరిచిపోయినా ఫరవాలేదు, అతను కూడా అదే కోరతాడు. ఈనక్ పాడ్‌మోర్‌ను మాత్రం పూర్తి పేరుతో గుర్తుంచుకోండి.